మంజీర సీమలో మూడు పంచాంగాలు

పండుగలను గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలు సాధారణంగా రెండు తోవలు తొక్కుతున్నవి. మొదటిది పురాణం తోవ. ప్రతి పండుగకూ ఒక కథ, ఒక రాక్షసుడు, ఒక వ్రతఫలం చెప్పి ముగిస్తారు. రెండవది తొందరపాటు హేతువాదం తోవ. పండుగ అంటే మౌఢ్యం, పురోహితుని పొట్టకూటి ఉపాయం, కనుక దానిని గురించి ఆలోచించడమే దండుగ అంటారు. ఈ రెండింటిలోనూ పండుగ చేసుకునే మనిషి మాత్రం కనబడడు. అతడు ఏ పొలంలో పనిచేసి వచ్చాడో, ఆ పొలానికి నీరు ఎక్కడినుండి వచ్చిందో, ఆ నీటిపై పెత్తనం ఎవరిదో ఎవరూ అడగరు.

అడిగిన పెద్దలు లేకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘హిందువుల పండుగలు’ రాశారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల వంశావళిని పక్కకు నెట్టి జనం తిండిని, ఆటను, వేడుకను చరిత్రగా నిలబెట్టారు. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయంగా చేశారు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి 1962లో వెలువడిన ‘మిథ్ అండ్ రియాలిటీ’లో గ్రామదేవతల గుళ్ళను వెతుక్కుంటూ కాలినడకన తిరిగి, పూజ వెనుక వున్న జీవనోపాధిని చదివే పద్ధతి చూపారు. ఆ పద్ధతిని ఒక చిన్న సీమకు అన్వయించి చూడటమే ఈ వ్యాసం పని. ఆ సీమ కామారెడ్డి, ఎల్లారెడ్డి. 2016 అక్టోబరులో నిజామాబాదు జిల్లానుండి విడివడి కామారెడ్డి జిల్లా అయిన ప్రాంతంలో ఇవి రెండు రెవెన్యూ డివిజన్లు.

ఇక్కడ వేసుకోవలసిన మొదటి ప్రశ్న చాలా చిన్నది. పండుగ ఏనాడు చేసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు? పంచాంగం అని వెంటనే జవాబు వస్తుంది. అయితే ఈ సీమలో జనం అనుభవించిన పంచాంగం ఒక్కటి కాదు, మూడు. ఒకటి బ్రాహ్మణునిది, ఒకటి సర్కారుది, ఒకటి చెరువుది.

నది ఎవరికి, చెరువు ఎవరికి

మహారాష్ట్రలో బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర తూర్పుముఖంగా పారి, బీదరు దాటి, మెదకు సీమలో ఉత్తరానికి మళ్ళుతుంది. ఎల్లారెడ్డి పక్కగా సాగి, నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 700 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. గోదావరికి వున్న పెద్ద ఉపనదులలో ఇది ఒకటి.

అయినా నది పక్కన వుండటం వేరు, నదినీరు తాగటం వేరు. కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు, సదాశివనగర్ ప్రాంతమంతా మెరక. రాతినేల. అక్కడి రైతుకు మంజీర పేరు తెలుసు గాని దాని నీరు పొలంలో ఎన్నడూ చూడలేదు. అతని నది వూరిచెరువే. వాగుకు అడ్డంగా కట్ట, కట్టకు తూము, కట్ట చివర మత్తడి. మీది చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. ఇట్లా చెరువులను గొలుసుగా కూర్చిన పని ఒక్క రాజుది కాదు, ఒక్క తరానిది కాదు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటి. అంటే కొడుకును కనడంతో, కావ్యం రాయించుకోవడంతో సమానమైన పుణ్యం. పుణ్యం తవ్వించినవానికి దక్కింది. తట్ట మోసిన వడ్డెరవాని పేరు శాసనానికి ఎక్కలేదు.

ఈ భేదాన్ని మనసులో పెట్టుకుంటే మూడు పంచాంగాలూ విడివిడిగా కనబడతాయి.

మొదటి పంచాంగం: గ్రహాలది

బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. పన్నెండేళ్ళకొకసారి, పన్నెండు రోజులు. మన పంచాంగకర్తలు రాశికొక నది చొప్పున పన్నెండు నదులకు ఈ మర్యాద పంచారు. ఆ పట్టికలో మంజీర లేదు. తుంగభద్ర వుంది, ప్రాణహిత వుంది. లక్షల ఎకరాలను తడిపిన మంజీర మాత్రం లేదు. కందకుర్తి సంగమంలో గోదావరిలో కలిసి తన పేరు పోగొట్టుకున్న తర్వాతనే దానికి తీర్థత్వం పడుతుంది.

ఇందులో ఒక సూత్రం వున్నది. గ్రహాల పంచాంగానికి నదిలో నీరు వున్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. 2015 జులై 14 నుండి 25 వరకు గోదావరి పుష్కరాలు జరిగాయి. ఆ యేడు వానలు మొహం చాటేశాయి. ఎగువ గోదావరిలో నీరు సన్నగిల్లి, భక్తులకు ఒడ్డున షవర్లు పెట్టవలసి వచ్చింది. మొదటిరోజునే రాజమండ్రిలో తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ముహూర్తం ఒక్కటే, ఘాటు ఒక్కటే, పుణ్యం అందరికీ ఆ క్షణంలోనే అన్న భావన ఎంతటి ఆపద తేగలదో అది చూపింది. ఎల్లారెడ్డి రైతు ఆ పన్నెండు రోజులలో కందకుర్తికి వెళ్ళి మునిగి వచ్చి వుండవచ్చు. తిరిగి వచ్చేసరికి అతని నారుమడి ఎండుతూనే వున్నది.

అట్లాగని తిథి ప్రకారం జరిగే ప్రతి ఉత్సవమూ జనానికి పరాయిది అనుకుంటే పొరపాటు. మెదకు జిల్లా నాగసానిపల్లె దగ్గర మంజీర ఏడుపాయలుగా చీలిన చోట వనదుర్గ జాతర శివరాత్రికి జరుగుతుంది. శివుని తిథినాడు అమ్మవారికి జాతర ఏమిటని పండితుడు ఆశ్చర్యపోవచ్చు. బండికట్టిన రైతును అడిగితే జవాబు తేలిక. ఆ రోజులకు నదిలో వరద వుండదు, పాయలు దాటవచ్చు, ఎడ్లబండ్లు గుడిదాకా పోతాయి. వానాకాలపు పంట ఇంటికి చేరి వుంటుంది, ఎండలు ఇంకా ముదరవు. తిథి పండితునిది, కారణం బండ్లదారిది. ఎల్లారెడ్డి వైపునుండి తరతరాలుగా జనం ఆ జాతరకు పోతున్నది ఈ లెక్కమీదనే.

రెండవ పంచాంగం: సర్కారుది

నిజాం రాజ్యంలో రైతు నెత్తిమీద మరొక సంవత్సరం నడిచేది. అది ఫసలీ. అక్టోబరు మొదటివారంలో ఆజుర్ మాసంతో అది మొదలయ్యేది. ఫసలు అంటేనే పంట. పేరు పంటది, పని శిస్తుది. వానలు వెనుదిరిగి, చెరువులో ఎంత నీరు నిలిచిందో తేలే వేళకు దఫ్తరులో కొత్త సంవత్సరం పుట్టేది. చెరువు నిండితే రైతుకు పండుగ. అదే నిండుచెరువు పట్వారీకి ఒక అంకె. బతుకమ్మ, దసరా వచ్చే రోజులలోనే ఫసలీ సంవత్సరాది రావటం యాదృచ్ఛికమని నేను అనుకోను. దోపిడీకి కూడా ఋతువులు తెలిసి వుండాలి.

1948లో సంస్థానం భారత యూనియన్లో కలిసిన తర్వాత ఫసలీ క్రమంగా తెరమరుగైంది. కాని సర్కారు ఈ సీమపై వేసిన పెద్ద ముద్ర అప్పటికే పడిపోయింది. అది నిజాంసాగర్. అచ్చంపేట దగ్గర మంజీరకు అడ్డంగా 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ నేతృత్వంలో దేశీయ ఇంజనీర్లు కట్టిన ఘనమైన కట్టడం. రెండు లక్షల డెబ్బై అయిదువేల ఎకరాలకు నీరివ్వాలని దాని సంకల్పం. ఆ గొప్పతనాన్ని తగ్గించవలసిన పనిలేదు. అయితే కాలువ ఏ దిక్కున పోయిందో చూడాలి. బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పోయింది. మునక ఏ దిక్కున పడిందో కూడా చూడాలి. ఎగువ పడింది. దాదాపు నలభై గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఎగువన మునిగిన వూరికీ, మెరకన వున్న కామారెడ్డికీ ఆ కాలువ దక్కలేదు.

కాలువ కింద కొత్త లోకం లేచింది. కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి రైతులు వచ్చి భూములు కొన్నారు. వారు వెలసిన చోట్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే అంటారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. క్యాంపులలో సంక్రాంతి పెద్దపండుగ అయింది. పక్క వూళ్ళలో బతుకమ్మ, దసరాలే పెద్దపండుగలు. ఒకే కాలువనీరు, రెండు పండుగలు. దీనిని ఆంధ్ర, తెలంగాణ స్వభావాల తేడాగా చెప్పేవారు వున్నారు. స్వభావం కన్నా ముందు నేల సంగతి చూడాలి. కోస్తా డెల్టాలో కాలువనీటితో పండిన పంట పుష్యమాసానికి ఇల్లు చేరుతుంది, కొత్తబియ్యంతో సంక్రాంతి వస్తుంది. చెరువు సీమలో రైతు బతుకు ఆశ్వయుజానికే తేలిపోతుంది. చెరువు నిండిందా, ఈ యేడు అన్నం వున్నది. నిండలేదా, వలసపోవాలి. అందుకే ఇక్కడ పంట కన్నా ముందుగా నీటికి పండుగ.

మూడవ పంచాంగం: చెరువుది

జ్యేష్ఠంలో ఏరువాక. తొలి ఏకాదశికి పేలాలపిండి. ఆషాఢంలో పోచమ్మకు బోనం, వూరపండుగ. వాన జాడ లేకపోతే పిల్లలు కప్పతల్లి ఆడతారు. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్ళు దానిమీద నీళ్ళు కుమ్మరిస్తారు. అదే వానకోసం గుడిలో విరాటపర్వం చదివించేవారు. వూరికి కరువు ఒక్కటే, ప్రార్థనలు రెండు. ఒకటి పుస్తకం తెలిసినవానిది, ఒకటి కప్ప అరుపు తెలిసినవారిది.

శ్రావణంలో ఎల్లారెడ్డి, గాంధారి ప్రాంతపు తండాలలో తీజ్ వస్తుంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టలలో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. చివరినాడు ఆ మొలకలను వాగులోనో చెరువులోనో కలుపుతారు. చుట్టూ వరి, జొన్న, మక్కజొన్న పండే సీమలో బుట్టలో గోధుమ ఎందుకు? ఎడ్లమందలపై ధాన్యం, ఉప్పు మోసుకుంటూ ఉత్తరాదినుండి దక్కనుకు వచ్చిన బంజారాల దారి ఆ బుట్టలో మొలకెత్తుతున్నది. రైలు వచ్చి వారి బేరం ఆగింది, అడవి అంచున తండాలు వెలిశాయి. చెరువు కింది తరిపొలం అప్పటికే పంచుకోబడివుంది. 1976లో తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగ గుర్తింపు వచ్చింది గాని ఆయకట్టులో వాటా రాలేదు. తరినేల లేని పిల్ల అరచేతి వెడల్పు మడిలో పంట పండించి నీటికి అర్పిస్తుంది. ఇంతకన్నా సూటిగా తమ చరిత్ర చెప్పుకున్న పండుగను నేను ఎరుగను.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలై దుర్గాష్టమినాడు సద్దులతో ముగుస్తుంది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి, కట్ల. వీటిలో సగానికిపైగా నాటకుండానే పుట్టే పూలు. కొనవలసిన పనిలేదు, పూజారి పనిలేదు. ఆ తొమ్మిది రోజులు శ్రమ పంచాంగంలో ఎక్కడ పడుతున్నవో గమనించాలి. నాట్లు అయిపోయాయి, కలుపు అయిపోయింది, వరి పొట్టకు వచ్చింది, కోతకు ఇంకా గడువు వుంది. ఆషాఢంనుండి నడుము వంచిన ఆడది నడుమెత్తే వ్యవధి అదే. చేతులు చరుస్తూ వంగి లేచే ఆ ఆటలో నాటువేసే లయ వినబడటం నా చెవి తప్పు కాదనుకుంటాను. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు వంటివారు జానపద బాణీలనే ఉద్యమానికి ఆయుధంగా చేసుకున్నారు. ఉయ్యాల పాట కూడా అట్లాగే జెండా పట్టింది. ఆ బాణీ అంత తేలికగా పోరాటంలోకి నడిచి రావటానికి కారణం అది మొదటినుండీ పనిచేసే చేతులది కావటమే.

కాని ఇక్కడ మనం ఆగి, మనవారి వ్యాసాలలో తరచుగా దాటవేసే సంగతి చెప్పాలి. చెరువు వూరందరిది అనే మాట సగం నిజం. బతుకమ్మలు కలిసి ఒకే గట్టుకు చేరలేదు. వాడవాడకూ వేరే ఆట, వేరే రేవు. చాలా వూళ్ళలో దళిత స్త్రీల బతుకమ్మకు నలుగురి గట్టుమీద చోటులేదు. అయితే ఆ చెరువు తూము తెరిచింది ఎవరు? నీరడి. ఏ మడికి ఎన్ని గడియలు పారించాలో, వరద రాత్రి కట్ట ఎక్కడ చెమ్మగిల్లిందో అతనికే తెలుసు. చాలా గ్రామాలలో నీరడితనం దళిత కుటుంబాలదే. కూలి కళ్ళంలో ఇచ్చే గింజల మేర. ప్రతి మడికీ నీరు పంచిన చేయి ప్రతి కుండకూ అంటు అయింది. మన జలసంస్కృతిని పొగిడే ప్రతి వాక్యం పక్కనా ఈ వాక్యం రాసిపెట్టుకోవాలి.

కట్టమైసమ్మ గురించి కూడా ఒక మాట. చెరువు నిండి మత్తడి పోసిననాడు ఆమెకు కోడినో మేకనో కోస్తారు. ఎన్నిసార్లు కట్టినా తెగిపోతున్న కట్టకు ఒక మనిషిని బలియిస్తే నిలిచిందనే కథ తెలుగుదేశమంతటా వున్నది. అది జరిగిందా లేదా అని వాదించడం వృథా. నేను విన్న కథలలో బలి అయ్యేది ఇంటికోడలు, గొర్రెలకాపరి పిల్ల, లేదా మట్టిపనికి వచ్చిన మనిషి. పటేలు కొడుకు బలి అయిన కథ ఒక్కటీ వినలేదు. కట్టకింద శ్రామికుని ప్రాణం వున్నదన్న ఎరుక, శాసనం రాయని ఎరుక, దేవత రూపంలో మిగిలింది. పొట్టేలు నెత్తురులో మూఢత్వం వున్నమాట నిజమే. దానితోపాటు ఒక జ్ఞాపకం కూడా వున్నది.

ఈ లెక్కకు అందని పండుగ కూడా ఒకటి వున్నది. పీర్లపండుగ హిజ్రీ చాంద్రమానం ప్రకారం యేటా పదకొండు రోజులు ముందుకు జరిగి, సుమారు ముప్పయిమూడేళ్ళలో అన్ని ఋతువులూ తిరిగివస్తుంది. పంటతో దానికి సంబంధం లేదు. అయినా అలావ చుట్టూ అడుగువేసేవారిలో ముస్లిములకన్నా ఇతరులే ఎక్కువగా వుండే వూళ్ళు ఇక్కడ ఎన్నో. ఏ ఋతువుకూ కట్టుబడని పండుగలో ఆయకట్టు వున్నవాడు, లేనివాడు అన్న తేడా పలచబడుతుంది. బహుశా అందుకే భూమిలేని కులాలు దానిని తమదిగా చేసుకున్నవి. పదోనాడు ఆ పీర్లు కూడా నీటిగట్టుకే చేరుతాయి.

పండుగ మిగిలింది, నీరు?

ఇప్పటి మాటకు వద్దాం. నిజాంసాగర్ మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల జలాశయం. పూడిక పేరుకుని నేడు 18 టి.ఎం.సి.ల లోపు. 1965 నుండి మంజీర నీరు హైదరాబాదు కుళాయిలకు పోతున్నది. ఎగువన సింగూరు జలాశయం వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మెరకసీమలో రైతు చెరువును వదిలి బోరును నమ్ముకున్నాడు. ఈ మార్పును కేవలం సేద్యపు మార్పుగా చూస్తే చాలదు. చెరువునీరు పంచుకోవలసిన నీరు. దానికి కట్ట కావాలి, కట్టకు నలుగురు కావాలి, నలుగురికి ఒక పండుగ కావాలి. బోరునీరు ఒక్కనిది. మోటారుకు ఎవరూ బోనమెత్తరు. నీరడి మొదట గ్రామసేవకుడై, గ్రామ రెవెన్యూ సహాయకుడై, 2023లో వేరే శాఖలలో సర్దుబాటయ్యాడు. అంటరాని వృత్తిబంధం తెగడం మంచిదే. అతని తెలివి ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2015 మార్చిలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ పథకం ప్రారంభమయింది. ప్రారంభించిన చోటు ఈ సీమలోని సదాశివనగర్ పాతచెరువే. ఈ రెండూ ఒకే ఆలోచనలో భాగం కావలసినవి. పూడికతీత గుత్తేదారు బిల్లుగా, బతుకమ్మ మైదానంలో ప్రదర్శనగా విడిపోయిన చోటల్లా రెండూ బలహీనపడ్డాయి. వూళ్ళో పండుగ పెత్తనం గ్రామాభివృద్ధి కమిటీల చేతికి పోయింది. ఉమ్మడి నిజామాబాదు ప్రాంతంలో ఆ కమిటీలు విధించిన సాంఘిక బహిష్కరణలు పత్రికలకెక్కిన సందర్భాలు అనేకం. గడి పోయింది గాని గడి బుద్ధి పోలేదు.

2025 ఆగస్టు 27. వినాయక చవితి. ఆనాడు కామారెడ్డి జిల్లాపై ఆకాశం విరిగిపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. రైలుపట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, రహదారి తెగింది. 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట తాను ఎన్నడూ ఎరుగని వరదను మోసింది. తెగుతుందని దిగువ వూళ్ళను ఖాళీచేయించారు. పక్కమట్టి కోసుకుపోయినా కట్ట నిలిచింది. పందిళ్ళలో గణపతులు తడుస్తుండగా జనం చూపంతా ఆ కట్టమీదనే వున్నది.

ఆ రాత్రి మూడు పంచాంగాలలో రెండు మూగవోయాయి. తిథి చవితి అని మాత్రమే చెప్పగలిగింది. సర్కారు లెక్క వాన ఎంత పడిందో పడిన తర్వాత చెప్పింది. కట్ట నిలుస్తుందా, నీరు ఎటు తిరుగుతుంది, ముందు ఏ వాడ మునుగుతుంది అన్నది మూడవ పంచాంగం చెప్పవలసిన మాట. దానిని చదవగలిగినవారు ఇంకా వూరికి ఎందరు మిగిలారు?

కనుక అభ్యుదయ రచయితలు, చరిత్రకారులు చేయవలసిన పని ఒకటి వున్నది. బతుకమ్మ పాటలు సేకరిస్తున్నాము, మంచిదే. పాట పాడిన ముసలమ్మ ఏ చెరువు కింద నాటువేసింది, ఆమె వాడకు ఏ రేవు విధించారు, ఆ చెరువు తూము చివరిసారి ఎవరు తెరిచారు అన్నది కూడా పాటపక్కన రాసుకోవాలి. నీరడి కుటుంబాలలో మిగిలిన వృద్ధులను ముందుగా కలవాలి, వారికి వయసు ఆగదు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరం వస్తుంది. ఘాట్లకు సున్నం వేస్తారు, సంగమానికి దారులు వేస్తారు. ఆ ఖర్చును ఎవరూ కాదనలేరు. ఆ రోజులలోనే కామారెడ్డి మెరకలో ఒక్కొక్క కట్టమీద వూరివాళ్ళు, వాడభేదం లేకుండా, తట్టపట్టి నిలబడగలిగితే, మంజీర సీమకు పట్టికలో లేని పుష్కరం అదే అవుతుంది.